మా తమ్ముడు, ఒక తుపాకీ, పది రోజుల కోర్సు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. మామూలుగా వాడు ఫోన్ చేశాడంటే రెజ్యూమె ఒకసారి చూడమనో, ఎక్కడో రిఫరల్ ఇమ్మనో అయ్యుంటుంది. ఈసారి అదేం కాదు.

"అన్నా, ఉద్యోగం మానేస్తా ఉండా."

"మానేసి?"

"ఆఫ్రికా పోతా. వేట గైడు అవుతా."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. అప్పుడర్థమైంది, విషయం కాస్త ముదిరిందని.

వాడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆరేళ్ళుగా హైదరాబాదులో టెస్టింగ్ ఉద్యోగం. శని ఆదివారాలు రైఫిల్ రేంజిలో పడుంటాడు, గురి బాగా కుదురుతుంది. చిన్నప్పుడు ఆత్మకూరు అవతల, నల్లమల అంచున ఉన్న మా తాత చేలో అడవిపందులకి కాపలాగా రాత్రిళ్ళు మంచె మీద పడుకునేవాళ్ళం. నేను దోమలకి తిట్టుకుంటూ నిద్రపోయేవాణ్ణి. వాడు మాత్రం తెల్లార్లూ చీకట్లోకి చూస్తూ కూర్చునేవాడు. అదిగో, ఆ పిచ్చి ఇంకా వదల్లేదు.

దక్షిణాఫ్రికాలో పది రోజుల కోర్సు ఉందట. ఫీజు కట్టి, పరీక్ష పాసైతే లైసెన్సుకి అప్లై చేసుకోవచ్చట. వీడు పీఎఫ్ తీసి, పిన్ని పేరు మీదున్న ఎఫ్డీ కూడా కలిపి వెళ్ళాలని ప్లాను. సాయంత్రానికి బాబాయి ఫోను: "నువ్వైనా చెప్పరా వానికి."

ఏం చెప్పాలి? నాకు వేట గురించి తెలిసిందల్లా 2001 సంక్రాంతికి చిరంజీవి 'మృగరాజు'లో సింహం వెంట పడటం. తెలియకుండా సలహా ఇవ్వడం మన జాతీయ క్రీడే అనుకోండి, కానీ పిన్ని ఎఫ్డీ సంగతి కాబట్టి మూడు వారాలు కూర్చుని చదివాను. చదివాక నా అభిప్రాయం మారింది. మీరనుకునే వైపు కాదు.

ముందు అసలు ఆ ఉద్యోగం ఏమిటో చూద్దాం. ఆఫ్రికాలో దీన్ని ప్రొఫెషనల్ హంటర్ అంటారు, పొట్టిగా పీహెచ్. పేరులో హంటర్ అని ఉన్నా జంతువుని కొట్టేది ఇతను కాదు. డబ్బు కట్టి వచ్చిన అతిథి కొడతాడు. ఇతను జాడ తీయించాలి, దగ్గరికి తీసుకెళ్ళాలి, ఏ జంతువుని కొట్టొచ్చో చూపించాలి, మూడు కర్రల స్టాండు మీద అతిథి తుపాకీ ఆనించాలి, "ఇప్పుడు" అనాలి. తన చేతిలోనూ పెద్ద తుపాకీ ఉంటుంది. అది అతిథి గురి తప్పినప్పటి కోసం. మిగతా టైమంతా క్యాంపులో వంట, జీపు రిపేరు, చర్మం ఒలిపించి ఉప్పు పట్టించడం, కోటా కాగితాలు, ఎగుమతి అనుమతులు, సాయంత్రం మంట దగ్గర అతిథి చెప్పే సొంత గొప్పలు వినడం. మా వాడు ఊహించుకున్నది ఇందులో ఏ పదోవంతో.

మన దేశంలో కూడా ఈ ఉద్యోగం ఒకప్పుడు ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా విదేశీ టూరిస్టులని పులి వేటకి తీసుకెళ్ళే షికారు కంపెనీలు మధ్య భారతంలో నడిచాయి. 1970లో పులి వేట నిషేధం, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్. దాంతో ఆ వృత్తి కథ ఇక్కడ ముగిసింది. ముగియడమే మంచిదైంది అనే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఈ పిచ్చి ఉన్నవాడు ఎవడైనా పోవాల్సింది ఆఫ్రికాకే.

అక్కడ తలుపులు రకరకాలు. దక్షిణాఫ్రికాది ఒక తలుపు. గుర్తింపు ఉన్న స్కూల్లో కనీసం 10 రోజుల కోర్సు, పరీక్ష, ఆపైన ఆ ప్రావిన్సు వాళ్ళ దగ్గర లైసెన్సు. విదేశీ అతిథి ఎవరైనా అక్కడ లైసెన్సున్న పీహెచ్ తోడు లేకుండా వేటాడటానికి వీల్లేదు, కాబట్టి ఆ కాగితానికి విలువ ఉంది. కానీ అది మొదటి మెట్టు మాత్రమే. ఎక్కువగా జింకల జాతి వేటకి పనికొస్తుంది. ఏనుగు, దున్న, సింహం లాంటి వాటికి తీసుకెళ్ళాలంటే మళ్ళీ అనుభవం చూపించాలి.

ఇంకో తలుపు జింబాబ్వేది. ఆఫ్రికా మొత్తంలో ఇదే కష్టమని అందరూ ఒప్పుకుంటారు. ముందు రాత పరీక్ష: చట్టం, తుపాకులు-తూటాలు, జంతువుల అలవాట్లు-ఆవాసాలు, మిగతా సాధారణ విషయాలు అని నాలుగు పేపర్లు. అది పాసైతే లెర్నర్. అంటే మన ఎల్ బోర్డు డ్రైవరన్నమాట. అప్పుడు లైసెన్సున్న ఒక పీహెచ్ దగ్గర ఏళ్ళ తరబడి అప్రెంటిస్ పని. టైర్లు మార్చాలి, మాంసం మోయాలి, ప్రమాదకరమైన జంతువుల వేటలో పక్కన ఉండాలి, ప్రతిదీ రాసిపెట్టుకోవాలి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు, తుపాకీ పరీక్ష, నోటి పరీక్ష. ఆఖర్న అడవిలో వారం రోజుల ప్రాక్టికల్. అభ్యర్థులే క్యాంపు వెయ్యాలి. పరీక్షకులు వచ్చి ఆ గుడారాల్లో పడుకుని, ఆ తిండి తిని, ఆ జీపులెక్కి, నిజం ఏనుగుల వెంట, దున్నల వెంట నడిచి మార్కులు వేస్తారు. ఫెయిలయ్యే వాళ్ళే ఎక్కువ. ఫొటోలు తీసుకునే టూరిస్టులని అడవిలో నడిపించి చూపించే గైడు కావాలన్నా అక్కడ మొదలుపెట్టేది ఆ నాలుగు పేపర్ల దగ్గరే.

ఇది చదివినప్పుడు నాకొచ్చిన మొదటి అనుమానం: మా వాడి లాగా గురి కుదిరిన వాడికి ఇన్నేళ్ళెందుకు? తుపాకీ కాల్చడం నెలలో వస్తుంది, జంతువుల పేర్లు ఇంకో రెండు నెలల్లో వస్తాయి. మిగతా కాలమంతా ఏం నేర్పుతారు?

చదవగా చదవగా తేలిందేమిటంటే, ఆ ఏళ్ళన్నీ నేర్పేది ఒకటే మాట. "వద్దు."

ఉదాహరణకి కేప్ బఫెలో, అంటే అక్కడి అడవిదున్న. మగదాని రెండు కొమ్ములూ నుదుటి మీద కలిసి ఒక దిమ్మలా అవుతాయి. వయసులో ఉన్నదానికి ఆ దిమ్మ ఇంకా గట్టిపడదు, మధ్యలో మెత్తగా, వెంట్రుకలతో ఉంటుంది. ముసలిదానికి రాయిలా గట్టిపడుతుంది. మందతో తిరగడం మానేసి, ఒంటినిండా బురద పూసుకుని నాలుగైదు కలిసి తిరిగే ముసలి దున్నలనే కొట్టించాలి. సంతానం కనే పని అవి ఎప్పుడో ముగించుకున్నాయి కాబట్టి. అతిథికి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి? కొమ్ములు ఎంత వెడల్పున్నాయన్నదే వాడి చూపు. వెడల్పు కొమ్ముల కుర్ర దున్న అరవై గజాల్లో నిలబడి ఉంటుంది. వాడి వేలు ట్రిగ్గరు మీద ఉంటుంది. అప్పుడు చెవిలో "వద్దు" అనేది ఈ గైడే.

సింహం విషయంలో ఇది ఇంకా పెద్ద లెక్క. గుంపుని కాపాడే మగ సింహాన్ని కొట్టేస్తే కొత్త మగవి వచ్చి పాత పిల్లలని చంపేస్తాయి. అంటే కొట్టింది ఒకదాన్ని, పోయినవి అయిదారు. అందుకే ఆరేళ్ళు నిండని మగ సింహాన్ని కొట్టకూడదని, కొట్టిస్తే ఆ కంపెనీ కోటా తగ్గించాలని మొజాంబిక్ లోని నియస్సాలోనూ, తర్వాత టాంజానియా, జింబాబ్వేల్లోనూ పద్ధతులు పెట్టారు. వయసు తెలిసేది ఎలా? జూలు చూడాలి, మొహం మీద గాట్లు చూడాలి, ముక్కు మీద నల్లమచ్చలు ఎంత పరుచుకున్నాయో చూడాలి. అదీ సంజె వెలుగులో, గడ్డిలో, బైనాక్యులర్స్ తో. రెండు మూడు వారాలకి డబ్బు కట్టిన అతిథి, ఆఖరి రోజు, అయిదేళ్ళ సింహం. చెప్పండి, మీరైతే ఏమంటారు?

అతిథి "వద్దు" వినకుండా కాల్చాడనుకోండి, లేదా విన్నా గురి తప్పాడనుకోండి. నెత్తురు చుక్క కనిపిస్తే చాలు, జంతువు దొరికినా దొరక్కపోయినా ఫీజు మొత్తం కట్టాల్సిందే. ఆఫ్రికాలో అందరూ పాటించే పద్ధతి అది. డబ్బు సంగతి అక్కడితో సరి. కానీ దెబ్బతిన్న దున్న పొదల్లోకి దూరింది కదా. దాన్ని అలా వదలకూడదు. రేపు ఏ కట్టెలు కొట్టుకునే మనిషికో ఎదురొస్తుంది. ఇప్పుడు పొదల్లోకి వెళ్ళాల్సింది ఎవరు? ఆ గైడు. ఇంకొకడి తప్పు కోసం.

2015 ఏప్రిల్ లో జాంబెజీ లోయలో ఇయాన్ గిబ్సన్ అనే పీహెచ్ ఏనుగు కింద పడి చనిపోయాడు. కొత్తవాడు కాదు, ఎన్నో ఏళ్ళ అనుభవం, మంచి పేరు ఉన్నవాడు. అతిథి ఇంకా కాల్చనే లేదు. ఏనుగు మదంలో ఉంది, దంతాలు ఎంతున్నాయో చూద్దామని దగ్గరికి వెళ్ళారు. అది మీదికొచ్చింది. దగ్గర్నించి ఒక్క తూటా కాల్చగలిగాడు, అంతే. అంత తెలిసినవాడికే అలా జరిగితే పది రోజులు తెలిసినవాడి సంగతేంటి?

ఇక్కడ నాకు మన వృత్తి గుర్తొచ్చింది. క్లయింటు శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ లోకి పంపించెయ్యమంటాడు. టెస్టింగ్ అవలేదని మనకి తెలుసు. "వద్దు సార్" అనే ధైర్యం మొదటి ఏడాది వాడికి ఉండదు. ఆరో ఏడు వచ్చేసరికి కొందరికి వస్తుంది. రానివాళ్ళు మేనేజర్లవుతారు (సరదాకే లెండి, మా మేనేజరు తెలుగు చదవలేడు). మనం తప్పు చేస్తే సోమవారం సర్దుకోవచ్చు. అక్కడ సర్దుకోవడాలు ఉండవు.

పైగా ఒక మెలిక. "వద్దు" అని ఎవరికి చెప్పాలో, జీతం ఇచ్చేదీ వాళ్ళే. చాలామంది పీహెచ్ లకి నెల జీతాలుండవు, వేట ఉన్న రోజులకే కూలీ. ఆ పైన అతిథి ఇచ్చే టిప్పు. అతిథి సంతోషంగా వెళితే మళ్ళీ వస్తాడు, స్నేహితులని పంపిస్తాడు. ఉత్తి చేతులతో వెళితే అంతే సంగతులు. అంటే తిండి పెట్టేవాడి చెయ్యి పట్టుకుని ఆపడమే ఉద్యోగం. ఇంత ఇరకాటం ఇంకే పనిలో ఉందో నాకైతే తట్టలేదు.

సెసిల్ సింహం గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2015 జూలైలో, హ్వాంగే నేషనల్ పార్కు హద్దు బయట, ఒక అమెరికన్ పళ్ళ డాక్టరు బాణంతో కొట్టాడు. గంటల తరబడి దెబ్బతో తిరిగి ఆ తర్వాత చచ్చింది. మెడకి ఆక్స్ ఫర్డ్ పరిశోధకుల కాలరు ఉంది. డాక్టరు 50 వేల డాలర్ల దాకా కట్టాడని వార్తలొచ్చాయి. ప్రపంచమంతా డాక్టర్ని తిట్టింది. కానీ కోర్టుకెక్కింది ఎవరు? అతన్ని తీసుకెళ్ళిన గైడు. అభియోగం ఏమిటో తెలుసా? చట్టవిరుద్ధమైన వేటని "ఆపలేదు" అని. 2016 నవంబరులో హైకోర్టు ఆ అభియోగాన్ని కొట్టేసిందనుకోండి, అది వేరే విషయం. నన్ను పట్టుకున్నది ఆ అభియోగంలోని మాట. చంపినందుకు కాదు, ఆపనందుకు. ఆ ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ఇంకో సంగతి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వేటలో అందరికంటే ముందు నడిచేది గైడు కాదు, ట్రాకరు. ఆ ఊరి మనిషి. వంగిన గడ్డిపోచ చూసి, పేడ వేడి చూసి దున్న ఎంతసేపటి క్రితం పోయిందో చెప్తాడు. దెబ్బతిన్న దాని వెనక వెళ్ళేటప్పుడు కళ్ళు నేల మీద పెట్టి ముందు నడిచేది అతనే. చాలాసార్లు చేతిలో తుపాకీ కూడా ఉండదు. మా వాడు పదేళ్ళు చదివినా అతని విద్యలో సగం రాదు. కానీ ఇంగ్లీషులో నాలుగు పేపర్లు రాయడానికి, సొంత తుపాకీ కొనడానికి, ఏళ్ళ తరబడి చాలీచాలని డబ్బులతో అప్రెంటిస్ చెయ్యడానికి అతనికి వీలయ్యేది ఎక్కడ? అలా పైకొచ్చిన వాళ్ళు కొందరున్నారు, తక్కువే. తెలిసినవాడు ఒకడు, లైసెన్సు ఇంకొకడికి. మనకి ఇదేమీ కొత్త కాదు కదా. నల్లమలలో మా తాత కాలంలో అడవి తెలిసిన మనుషులంటే చెంచులే. ఇవాళ నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగేది, పులి జాడ గుర్తుపట్టేది చాలావరకు వాళ్ళే. పులుల లెక్కలు పేపర్లో వచ్చినప్పుడు ఫొటోలో ఉండేది మాత్రం ఇంకెవరో.

మరి వేట మంచిదా చెడ్డదా అంటారా? నా మటుకు నాకు సరదా కోసం జంతువుని చంపడం నచ్చదు. అలాగని అవతలి వాదన కొట్టిపారెయ్యలేను. జింబాబ్వేలో 1989లో మొదలైన క్యాంప్ ఫైర్ అనే పథకం వేట డబ్బులో వాటా అడవి పక్క ఊళ్ళకి ఇవ్వాలన్నది. రాత్రికి రాత్రి జొన్నచేను ఏనుగులు తొక్కేస్తే ఏమవుతుందో ఆ ఊళ్ళ వాళ్ళకి తెలుసు. మంచె మీద పడుకున్న వాడిగా నాకూ కాస్త తెలుసు. ఆ వాటా ఊరికి చేరిన చోట జంతువు బతికుండటంలో ఊరికి లాభం ఉంది. చేరని చోట అది ఉత్త వ్యాపారం. ఎక్కడ చేరుతోంది, ఎక్కడ మధ్యలో మాయమవుతోంది అన్నదే అసలు పోట్లాట.

ఉద్యోగం ఎంచుకునేవాడు ఆలోచించాల్సింది ఇంకోటుంది. ఈ వృత్తి ఒక్క సంతకంతో పోతుంది. 1930లలో హెమింగ్వేని వేటకి తీసుకెళ్ళిన ఫిలిప్ పెర్సివల్ లాంటి వాళ్ళు కలిసి 1934లో నైరోబీలో ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రపంచంలో అంత పేరున్న వేట గైడులు ఇంకెక్కడా లేరు. 1977లో కెన్యా వేట నిషేధించింది. ఆ ఏడే సంఘం మూతబడింది. బోట్స్వానా 2014లో ఆపేసింది, 2019లో మళ్ళీ తెరిచింది. మధ్యలో ఆ అయిదేళ్ళు అక్కడి గైడులు, ట్రాకర్లు ఏం తిన్నారు? మన దగ్గర లేఆఫ్ అయితే పక్క కంపెనీ ఉంటుంది.

సరే, మా వాడికి ఏం చెప్పానంటారా?

"వద్దు" అని చెప్పలేదు. బాబాయికి నా మీద కోపమొచ్చింది కూడా. "రేయ్, పోతే పో. కానీ పిన్ని ఎఫ్డీ ముట్టుకోకు. పది రోజుల కోర్సుకి పోవద్దు. నీకు అంత పిచ్చే ఉంటే ఏళ్ళు పట్టే దారిలో పో, ఎవరి దగ్గరైనా టైర్లు మార్చే పని దొరుకుతుందేమో రాసి చూడు. పరాయి దేశం వాడికి పని వీసా ఇచ్చి టైర్లు ఎందుకు మార్పించుకుంటారో కూడా అడుగు. అదీ కాకపోతే, నీకు కావాల్సింది అడవా, తుపాకీనా అని ఒక వారం ఆలోచించు. అడవే అయితే దానికి ఇక్కడే దారులున్నాయి" అన్నాను.

వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, తాత చేలో ఒకసారి పంది నా ముందే వచ్చి నిలబన్నింది, గుర్తుందా? తాత తుపాకీ నా చేతికిచ్చినాడు" అన్నాడు.

నాకు గుర్తులేదు. నేను నిద్రపోతున్నాను కదా.

"నేను కాల్చలే. దాని ఎనక పిల్లలుండాయి. తాత ఏమీ అనలే. పొద్దున్నే ఇంటికి పోయినాక నాయనమ్మతో చెప్పినాడంట, వీనికి తుపాకీ ఇయ్యొచ్చు అని."

ఇన్ని రోజులు నేను చదివి తెలుసుకున్నది మా తాత ఒక్క రాత్రిలో తేల్చేశాడు. వాడిలో ఆ "వద్దు" ఉంది. ఉన్నంత మాత్రాన ఉద్యోగం దొరకదు, వీసా రాదు, అది వేరే. కానీ అది లేనివాడికి మాత్రం ఎన్ని రోజుల కోర్సు చేసినా ఆ లైసెన్సు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ప్రస్తుతానికి వాడు రాజీనామా వాయిదా వేశాడు. సెలవు పెట్టి ఆత్మకూరు పోయాడు, అక్కడ అడవి చూపించే చెంచు పెద్దాయన ఒకాయనతో తిరుగుతున్నాడట. తుపాకీ లేకుండా. పిన్ని ఎఫ్డీ భద్రంగా ఉంది. మళ్ళీ ఫోన్ వస్తే చెప్తా.

ఈలోగా మీరు చెప్పండి. మీ ఉద్యోగంలో, జీతమిచ్చేవాడికి ఆఖరిసారి "వద్దు" అని ఎప్పుడన్నారు?